ఒకటో టేక్ లేని పాట

2020 నవంబరులో, రెండో లాక్‌డౌన్ మొదలైన వారంలో, హానోవర్‌లో నేను పనిచేసే స్టూడియోకు ఒక రాక్ బృందం పాట మిక్సింగ్ కోసం వచ్చింది. యజమాని దాన్ని నాకు అప్పగించాడు. ఫిబ్రవరి చివరికల్లా పూర్తయిన పాటను రికార్డు కంపెనీకి అందజేయాలి. అటువంటి పాటకు మామూలుగా నాకు నాలుగు రోజులు చాలు. దీనికి చలికాలమంతా పట్టింది. తర్వాత ఆ పాట ఇక్కడ రేడియో పెట్టే ప్రతివారికీ తెలిసిపోయింది కాబట్టి, అది తయారైన తీరు గురించి కొందరు నన్ను అడుగుతుంటారు. అందులో ఉన్నవాళ్ళ అనుమతితో, వాళ్ళ పేర్లు మార్చి రాస్తున్నాను.

ముందు నా హోదా సంగతి. జర్మనీలో ఈ వృత్తిలో రెండు మెట్లున్నాయి. విశ్వవిద్యాలయంలో చదివినవాళ్ళను టోన్‌మైస్టర్ అంటారు. పనిలో నేర్చుకున్నవాళ్ళు టోన్‌టెక్నికర్లు. నేను చివరిదాకా టోన్‌టెక్నికర్‌నే. ఖమ్మంలో పుట్టి, హైదరాబాదులో రేడియో ప్రకటనలు రికార్డు చేసే ఒక చిన్న స్టూడియోలో టేపులు మార్చే పనితో మొదలుపెట్టాను. నా భార్యకు ఇక్కడ సాఫ్ట్‌వేర్ ఉద్యోగం రావడంతో వచ్చి, మళ్ళీ కింది నుంచి ఎక్కాను. లెక్కలు మాత్రం ఎవరూ నేర్పలేదు. పాత పుస్తకాల అంగట్లో కొన్న గణాంకశాస్త్రం పుస్తకంతో నేర్చుకున్నవే. చెవుల్లో హోరు మొదలై, తాళాల మీది సన్నని ధ్వని వినబడడం తగ్గాక, యాభై నాలుగో ఏట పని మానేశాను. చూపు తగ్గిన డ్రైవరు బండి దిగాలి కదా, అలాగే.

మిక్సింగ్ అంటే ఏమిటో కూడా చెప్పాలి. పాటలో ఒక్కొక్క వాద్యాన్ని, గొంతును విడివిడిగా రికార్డు చేస్తారు. ఒక్కొక్కదాన్ని ట్రాక్ అంటారు. ఒకసారి మొదటి నుంచి చివరిదాకా వాయిస్తే అది ఒక టేక్. అందరికీ ఒకే లయ ఉండడానికి హెడ్‌ఫోన్లలో టక్, టక్ అని ఒక చప్పుడు వినిపిస్తాం. దాని పేరు క్లిక్. ఈ ట్రాకులన్నిటినీ సరిచూసి, ఒకదానికొకటి అడ్డం రాకుండా కూర్చి, ఒకే పాటగా చేసేదే నా పని.

బృందంలో ముగ్గురు. కాట్యా పాడుతుంది, బేస్ వాయిస్తుంది, పాటలు ఆమే రాస్తుంది. యోనాస్ గిటార్. వాళ్ళిద్దరూ చాలా ఏళ్ళుగా కలిసి ఉంటున్నారు. మూడోవాడు, డ్రమ్స్ వాయించే శ్రీకర్, మన కరీంనగర్ అబ్బాయి. మాగ్డెబర్గ్‌లో ఎమ్మెస్ చేసి, బ్లూ కార్డు అనే ఉద్యోగ వీసా మీద హానోవర్‌లో ఉద్యోగం చేస్తున్నాడు. తెరమీద జరిగిన మొదటి సమావేశంలో నా పేరు చూసి, మిగతావాళ్ళంతా జర్మన్‌లో మాట్లాడుతుండగానే, "అన్నా, మీరు మనోళ్ళేనా? గింత పెద్ద స్టూడియోల తెలుగోడుంటడని నేననుకోలే" అన్నాడు. కంపెనీ తరఫున ఈ పాట బాధ్యత చూసే మార్టినా గొంతు సవరించుకుంది. మేం జర్మన్‌లోకి వచ్చేశాం.

యోనాస్ తాగుతాడని ఊళ్ళో సంగీతం వాళ్ళందరికీ తెలుసు. సరదా తాగుడు కాదు. పొద్దున లేవగానే తాగకపోతే చేతులు వణికే దశ. కాట్యా పాట రాసింది అతని గురించే. ఇక్కడి అపార్ట్‌మెంట్లలో మెట్ల దీపం మీట నొక్కితే వెలిగి, కాసేపటికి దానంతటదే ఆరిపోతుంది. పాటలో ఆమె తలుపు దగ్గర నిలబడి అతని అడుగుల కోసం వింటూ ఉంటుంది. నీ జేబులు ఇక వెతకను, నిన్ను ఎత్తుకుని మెట్లెక్కించను, దీపం ఆరినప్పుడల్లా మళ్ళీ నొక్కుతాను, అంతే నా వల్ల అయ్యేది అంటుంది. ఆ పాట మొత్తం గిటార్ మీద నిలబడింది. మొదటి నుంచి చివరిదాకా అదే వరుస తిరుగుతూ ఉంటుంది. పాట ఎవరి గురించో అతని చేతే ఆ వరుస వాయించాలని కాట్యా పట్టు.

లాక్‌డౌన్ కాబట్టి ముగ్గురూ ఎవరి చోట వాళ్ళు రికార్డు చేసి ఫైళ్ళు పంపారు. అన్నీ కలిపి వినిపిస్తే గిటార్ ఘోరంగా వెనకబడి ఉంది. డ్రమ్ములు అడుగు వేశాక, తలుపు తీసుకుని ఆలస్యంగా వచ్చినట్టు గిటార్ వచ్చేది. మార్టినా విని, మళ్ళీ తాగి వాయించాడన్న మాట అంది. వేదికలన్నీ మూతపడి మంచి గిటారిస్టులు ఇళ్ళలో ఖాళీగా ఉన్నారని, ఒకరిని పిలిపించి ఆ వరుస వాయింపిద్దామని సూచించింది. ఆమె చెడ్డ మనిషి కాదు. పాటను నమ్మింది, కాబట్టే దాన్ని కాపాడుకోవాలని చూసింది.

నేను ఒక మధ్యాహ్నం అడిగి తీసుకుని గిటార్ దెబ్బలన్నీ కొలిచాను. ప్రతి దెబ్బ క్లిక్ కంటే ఎంత వెనక పడిందో రాసుకుని, సగటు తీశాను. ఆ తర్వాత చెదురు తీశాను. సగటు ఎంత ఆలస్యమో చెబుతుంది. చెదురు ఆ ఆలస్యంలో ఎంత నిలకడ ఉందో చెబుతుంది. తాగి తూలేవాడు ఒకసారి ముందు, ఒకసారి వెనక పడతాడు. చెదురు ఎక్కువుండాలి. ఇక్కడ ఆలస్యం సెకనులో ఐదో వంతు దాకా ఉంది గానీ, చెదురు దాదాపు లేదు. ప్రతి దెబ్బా ఒకే అంత ఆలస్యం. మనుషులు అలా ఆలస్యం కాలేరు, యంత్రాలే అవుతాయి.

యోనాస్‌కు ఫోన్ చేసి ఏ హెడ్‌ఫోన్లు పెట్టుకున్నావని అడిగాను. ఆన్‌లైన్ సమావేశాల కోసం కాట్యా కొన్న వైర్‌లెస్ హెడ్‌ఫోన్లు అన్నాడు. ఆ ఏడాది మా వృత్తిలో అందరినీ పట్టిన తెగులు అదే. వైరు లేని హెడ్‌ఫోన్లలో శబ్దం చెవికి చేరడానికి కొంత ఆలస్యం అవుతుంది. అతను క్లిక్‌ను ఆలస్యంగా విని, దానితో సరిగ్గా కలిపి వాయించాడు. రికార్డింగులో అంతా అంత ఆలస్యంగా పడింది. ట్రాక్‌ను మొత్తంగా అంతే ముందుకు జరిపాను. పాట తాళం తీసినట్టు తెరుచుకుంది. అంత నిబ్బరమైన గిటార్ నేను ఆ ఏడాదంతా వినలేదు.

సంతోషంగా కాట్యాకు ఫోన్ చేశాను. తూలింది యోనాస్ కాదు, హెడ్‌ఫోన్లు అని చెప్పాను. ఆమె చెప్పిన మాటలు నాకు ఇప్పటికీ వరుసగా గుర్తున్నాయి. అతను ఆ రోజు తాగే ఉన్నాడు. తాగితేనే చేతులు నిలకడగా ఉంటాయి, అందుకే తాగి వాయించాడు. బీరు సీసాలైతే దుకాణం యంత్రం తిరిగి తీసుకుంటుంది. ఆ రోజువి తీసుకోని రకం, ఘాటైన మద్యం సీసాలు, నేనే తీసుకెళ్ళి వీధి చివర గాజు డబ్బాలో పడేశాను.

నా లెక్క హెడ్‌ఫోన్ల విషయంలో సరైనదే. మనిషి గురించి అది ఏమీ చెప్పలేదు.

యోనాస్ అప్పటికే తాగుడు మాన్పించే క్లినిక్‌లో పేరిచ్చాడు. కరోనా వల్ల పడకలు తగ్గించారు, చోటు కోసం ఎదురుచూస్తున్నాడు. డిసెంబరులో టెర్మిన్, అంటే చేరే తేదీ, దొరికింది. కాట్యా నాతో, మార్టినాతో ఒకే మాట చెప్పింది. అతను బయటికి వచ్చాక, తాగకుండా, ఆ వరుస మళ్ళీ వాయిస్తాడు. పాటలో అదే ఉంటుంది. అతను మళ్ళీ తాగితే పాట విడుదల చేయను, ఇంకెవరి గిటార్ మీదా పాడను.

మార్టినా ఒప్పుకుంది గానీ షరతు పెట్టింది. గడువు మారదు. ఫిబ్రవరి చివరికి ఏది బాగుంటే అది తీసుకుంటాను, కాబట్టి మొదటి టేక్ భద్రంగా ఉంచండి అంది. ఆ మాట చెప్పనక్కరలేదు. మా వృత్తిలో మొదటి నియమం ఏ టేక్‌నూ చెరపకూడదని. పాడైపోయిన టేక్‌లో కూడా ఒక మంచి స్వరం ఉండొచ్చు. ప్రతిదానికీ నంబరు వేసి, మూడు చోట్ల దాస్తాం. యోనాస్ గిటార్‌కు ఒకటో నంబరు వేశాను.

జనవరిలో యోనాస్ స్టూడియోకు వచ్చాడు. ఉదయం పూట డే క్లినిక్‌కు వెళ్ళి, అక్కడ తాగలేదని చూపే పరికరంలో ఊది, మిగతా చికిత్స పూర్తి చేసుకుని, మధ్యాహ్నం మా దగ్గరికి వచ్చేవాడు. పొడుగ్గా, వదులైన కోటుతో, చేతిలో పుదీనా టీ ఫ్లాస్కుతో. అందరం మాస్కులు పెట్టుకునే ఉండేవాళ్ళం. మొదటి రోజే మార్టినా ఫోన్ చేసి, వాసన ఏమైనా వస్తోందా అని మెల్లగా అడిగింది. మాస్కులో నాకు నా కాఫీ వాసనే తెలియడం లేదని, అయినా అది నా పని కాదని చెప్పాను. కాట్యా అతని కోటును వంకెకు తగిలించేటప్పుడు జేబుల మీద చేయి పడకుండా కాలర్ పట్టుకుని తగిలించడం గమనించాను. పాటలో రాసిన మాటను ఆమె పాటిస్తోంది.

మా యజమాని రాసిన ఆరోగ్య నియమాల ప్రకారం రికార్డింగ్ గదిలో ఒకేసారి ఒక్కరే ఉండాలి. నేను కూర్చునే కంట్రోల్ గదికీ ఆ గదికీ మధ్య మందపాటి గాజు. రికార్డింగ్ గదికి కిటికీలుండవు కాబట్టి, కాసేపటికోసారి రికార్డింగు ఆపి, అది నడుస్తోందని చూపే ఎర్రదీపం ఆర్పి, తలుపులన్నీ తెరిచి, వసారా కిటికీల నుంచి గాలి ఆడనివ్వాలి. జనవరి గాలి. గిటార్ తీగలు చల్లబడి శ్రుతి తప్పేవి. మళ్ళీ శ్రుతి చేసుకుని మొదలుపెట్టేవాళ్ళం.

యోనాస్ వాయించలేకపోయాడు. చేతులు వణకడం లేదు, అది క్లినిక్‌లోనే తగ్గింది. స్వరాలూ తప్పడం లేదు. కానీ ప్రతి వరుస చివరా తొందరపడేవాడు. స్వరానికీ స్వరానికీ మధ్య ఉండే ఖాళీని తట్టుకోలేక దాని మీంచి దూకేసినట్టు. అప్పుడు క్లిక్ వెనకబడేది, దానికోసం ఆగేవాడు, ఆగినందుకు మళ్ళీ కంగారుపడేవాడు. కొలిచి చూస్తే చెదురు ఎన్నో రెట్లు పెరిగింది. మునుపు క్లిక్‌తో వాయించినన్ని ఏళ్ళూ తాగే వాయించానని అతనే చెప్పాడు. తాగకుండా ఆ చప్పుడు చెవిలో పడితే, ఎవరో గోడ కొట్టి పిలుస్తున్నట్టు ఉందట.

నాకు తెలిసిన పద్ధతి నేను చేశాను. క్లిక్ తీసేసి ఒక్కణ్ణే వాయించమన్నాను. వచ్చినవాటిలో మెరుగైన టేక్ తీసుకుని, అతను ఎక్కడెక్కడ తొందరపడ్డాడో, ఎక్కడ నెమ్మదించాడో కొలిచి, సరిగ్గా అలాగే తొందరపడి నెమ్మదించే క్లిక్‌ను తయారుచేశాను. రెండు రోజుల పని. దాని మీద శ్రీకర్ డ్రమ్స్ వాయించాడు. లెక్క ప్రకారం రెండూ అతికినట్టు కలిశాయి. వింటే మాత్రం కుంటుతున్న మనిషి పక్కన ఇంకొకడు అతన్ని వెక్కిరిస్తూ కుంటుతున్నట్టుంది.

శ్రీకర్ హెడ్‌ఫోన్లు తీసి, గాజు వెనక నుంచి తెలుగులో అన్నాడు. "అన్నా, ఏమనుకోకు. ఎగిరేటోని ఫోటో జూసుకుంట డప్పు గొట్టినట్టుంది." మా వైపు ఎగరడమంటే చిందులేయడం.

మార్టినాకు వినిపించాను. ఆమె తన మాట సూటిగా చెప్పింది. మొదటి టేక్ మెరుగ్గా ఉంది, చాలా మెరుగ్గా ఉంది, అది యోనాస్ వాయించిందే కదా, ఎందుకీ అవస్థ? చెవితో వినేవాడిగా నేను ఆమెతో ఏకీభవించక తప్పలేదు. యోనాస్ కూడా అప్పుడే గిటార్ పక్కన పెట్టి, మొదటిదే వాడుకోండి, బాగుంది కదా అన్నాడు. అలా అన్నప్పుడు అతను గాజు వైపు గానీ కాట్యా వైపు గానీ చూడలేదు. తన బూట్ల వైపు చూశాడు.

కాట్యా గొంతు పెంచలేదు. అది విడుదలైతే నువ్వు జీవితమంతా ప్రతి వేదిక మీదా దాన్నే వాయించాలి అంది. జనం ఆ గిటార్‌నే అడుగుతారు. తాగినవాడు నీకంటే బాగా వాయించాడని ప్రతిసారీ వింటావు. వాడితో పోటీపడి నువ్వు గెలవలేవు. నేనూ చాలా ఏళ్ళు పోటీపడ్డాను, గెలవలేదు.

గాలి ఆడించే వేళ కావడంతో నేను ఎర్రదీపం ఆర్పాను. వాళ్ళిద్దరూ వసారాలో కిటికీ దగ్గర దూరం దూరంగా నిలబడి మాట్లాడుకున్నారు. తిరిగి వచ్చాక యోనాస్ నన్ను ఒక్కటే అడిగాడు. ఒకటో టేక్‌ను చెరిపేయడానికి వీలవుతుందా?

వీలు కాదని చెప్పాను. నియమం చెప్పాను. ఇంకా కొత్త టేక్ చేతికి రాలేదని, వంతెన దాటకముందే తగలబెడితే నదిలో పడతామని చెప్పాను. అందుకే అడుగుతున్నాను, అది ఉన్నంతసేపూ నేను దాని మీద ఆనుకునే వాయిస్తాను అన్నాడు. నేను వెంటనే సరే అనలేదు. ఒప్పందం తీసి చదివాను. ఇంట్లో, సొంత యంత్రం మీద చేసిన రికార్డింగు కంపెనీకి అందజేసేదాకా బృందానిదే. ముగ్గురినీ విడివిడిగా అడిగాను, ముగ్గురూ ఒప్పుకున్నారు. శ్రీకర్, "నాది ఎప్పుడో ఓకే అన్నా, నువ్వే లేట్" అన్నాడు. చాటుగా చేసిన పని కాకూడదని కాట్యా చేత మార్టినాకు ఫోన్ చేయించాను. మార్టినా చాలాసేపు వాదించి, చివరికి మీరు మూర్ఖులు, అయితే రెండోది బాగా చేయండి అని పెట్టేసింది.

మూడు ప్రతులనూ నేను తెరమీద వరుసగా తెరిచాను. ఇంట్లో లాప్‌టాప్‌లోది ముందే తీసేశానని యోనాస్ చెప్పాడు. మీట అతనే నొక్కాడు. నొక్కాక యంత్రం నిజంగానే చెరపమంటారా అని మామూలుగా అడుగుతుంది. మూడుసార్లు అడిగింది. మూడుసార్లూ నొక్కాడు. అంతకంటే మంచి గిటార్ ఆ బల్ల మీదికి మళ్ళీ రాదని నాకు తెలుసు.

ఇక మిగిలింది పని. మరునాడు శ్రీకర్ ఒక ప్రతిపాదనతో వచ్చాడు. అతని మేనమామకు కరీంనగర్‌లో బ్యాండు ఉండేది. పెళ్ళి ఊరేగింపుల్లో, బోనాల్లో తీన్‌మార్ కొట్టే బ్యాండు. సెలవుల్లో శ్రీకర్ అందులో డ్రమ్ము మోసి, తర్వాత కొట్టి, చేయి తిరిగినవాడయ్యాడు. ఈ సంగతి జర్మన్ స్నేహితులకు ఎప్పుడూ చెప్పలేదట.

"బారాత్‌ల క్లిక్కెక్కడిదన్నా? ఎగిరేటోని మోకాలు జూస్తం. వాడు అలిస్తే మనం సల్లవడ్తం, వాడు లేస్తే మనం లేపుతం. పెండ్లికొడుకు మేనమామ తాగి ఎగిరినా గంతే, తాగకుంట ఎగిరినా గంతే. మన పని వాణ్ణి పడకుంట జూసుకునుడు."

ఏం చెబుతున్నాడని యోనాస్ అడిగాడు. శ్రీకర్ అనువదిస్తూ, తాగి అనే మాట దగ్గరికి వచ్చేసరికి ఒక్క క్షణం ఆగాడు. ఆగి, ఉన్నదున్నట్టు చెప్పేశాడు. యోనాస్ నవ్వాడు. అతను నవ్వగా నేను చూడడం అదే మొదలు. అంటే నేను తాగకుండా ఎగిరే మేనమామనా అన్నాడు. "మేనమామవు కాదు, ఈసారికి పెండ్లికొడుకువే. గుర్రమెక్కినంక దిగొద్దు" అని శ్రీకర్ రెండు భాషల్లోనూ చెప్పాడు. గుర్రం ఎందుకో జర్మన్లిద్దరికీ వివరించడానికి ఇంకొంత సమయం పట్టింది.

అలా చేయాలంటే ఇద్దరూ ఒకేసారి వాయించాలి, ఒకరికొకరు కనబడాలి. నియమం ప్రకారం రికార్డింగ్ గదిలో ఒక్కరే. కాబట్టి డ్రమ్ముల దగ్గర శ్రీకర్ ఉన్నాడు. యోనాస్‌ను కంట్రోల్ గదిలో, నాకు దూరంగా, గాజుకు ఎదురుగా కూర్చోబెట్టాను. గిటార్ వైరును గోడలోని రంధ్రం గుండా పక్క గదిలో ఉన్న యాంప్లిఫయర్‌కు కలిపాను. ఇద్దరి హెడ్‌ఫోన్లకూ వైర్లున్నాయో లేదో చేతితో పట్టుకుని మరీ చూశాను. క్లిక్ లేదు. శ్రీకర్ యోనాస్ కుడి భుజం మీద చూపు నిలిపి వాయించాలి. గిటార్ వాయించేవాడికి మోకాలు కదలదు, భుజమే చెబుతుంది అన్నాడు.

మొదటి రోజు కుదరలేదు. ఎవరో తనను అనుసరిస్తున్నారని తెలియగానే యోనాస్ మరీ జాగ్రత్తపడి నెమ్మదించాడు. శ్రీకర్ కూడా నెమ్మదించాడు. పాట నేల మీద కూర్చుంది. రెండో రోజు తొందరపడ్డాడు. శ్రీకర్ ఆపకుండా అతనితో పాటే పరిగెత్తాడు, ఇద్దరూ రొప్పుతూ ముగించారు. "బస్సు పోతాందా అన్నా?" అని గాజు వెనక నుంచి అరిచాడు. మూడో రోజు యోనాస్ క్లినిక్ నుంచి ఆలస్యంగా వచ్చాడు. ఆ అరగంటా కాట్యా వసారాలో కిటికీ దగ్గర నిలబడే ఉంది. ఫోన్ చేయలేదు. ట్రామ్ ఆగిపోయిందని అతను వచ్చి చెప్పాడు. ఆమె సరే అంది. ఇంకేమీ అడగలేదు.

ఆ రోజు నాలుగో ప్రయత్నంలో వచ్చింది. మొదటి చరణంలో ప్రతి వరుస చివరా అతని అలవాటు ప్రకారం భుజం ముందుకు పడింది. శ్రీకర్ ఆ తొందరను అడ్డుకోలేదు, వెంట పరిగెత్తలేదు. అడుగు కింద అరచేయి పెట్టినట్టు దెబ్బ వేశాడు. రెండో చరణానికి యోనాస్‌కు అది తెలిసింది. ఖాళీలో ఆగాడు. ఆగితే కింద ఏదో ఉందని నమ్మినవాడిలా ఆగాడు. పాట అక్కడ కొంచెం నెమ్మదిస్తుంది. మీరు రేడియోలో వినేది అదే. దీపం మళ్ళీ నొక్కుతాను అని కాట్యా పాడే చోటు. ఆమె తర్వాతి వారం ఆ నెమ్మదిలోనే ఆ మాటను సాగదీసి పాడింది.

కొలిచాను. చెదురు ఒకటో టేక్‌లో ఉన్నదానికంటే చాలా ఎక్కువ. ఏ పాఠ్యపుస్తకం ప్రకారం చూసినా దిద్దవలసిన టేక్. మా పనిలో ఇప్పుడు దిద్దడం సులువు, ప్రతి దెబ్బనూ పట్టుకుని గీత మీదికి జరపొచ్చు. నేను ఒక్కదాన్ని కూడా జరపలేదు. బేస్‌ను, గొంతును, తర్వాత చేర్చినవన్నిటినీ ఆ గిటార్‌కే కట్టాను. ఇది మామూలు పద్ధతికి తలకిందులు. ఎవరు నిలకడగా ఉన్నారో వాళ్ళకు మిగతావాళ్ళను కట్టడం మా అలవాటు. ఇక్కడ నిలకడ లేనివాడికి అందరినీ కట్టాం. అందుకే మిక్సింగ్‌కు అన్ని రోజులు పట్టింది.

ఫిబ్రవరి చివరి వారంలో మార్టినాకు పంపాను. మొదటిదంత శుభ్రంగా లేదని జవాబు రాసింది. మరుసటి రోజు ఫోన్ చేసి, నిన్నటి నుంచి వంట చేస్తూ అదే పాడుకుంటున్నానని, కాబట్టి అంగీకరిస్తున్నానని చెప్పింది.

ఆ వేసవిలో పాట బయటికి వచ్చింది. అది ఎందుకంత ప్రజాదరణ పొందిందో నేను చెప్పలేను, చెప్పగలిగినవాళ్ళు మా వృత్తిలో లేరు. ఇంట్లో ఇలాంటి మనిషి ఉన్నవాళ్ళు, నేను ఊహించినదానికంటే ఎక్కువమంది, బృందానికి రాశారు. మా వాళ్ళ ఇళ్ళలోనూ ఈ పాట మోగింది. ఒక పుట్టినరోజు విందులో తెలుగు కుటుంబాల మధ్య పాట వచ్చినప్పుడు, ఎదురుగా కూర్చున్న ఒకావిడ మాట్లాడుతున్నది ఆపి, ప్లేటు పక్కన పెట్టి చివరిదాకా విన్నది. ఆవిడ భర్త బాల్కనీలో ఉన్నాడు. నేను ఆ పాటకు పనిచేశానని చెప్పలేదు.

యోనాస్ సంగతి కూడా ఉన్నదున్నట్టు చెప్పాలి. మరుసటి శరదృతువులో ఒకసారి మళ్ళీ తాగుడులోకి జారాడు. మళ్ళీ క్లినిక్‌కు వెళ్ళాడు. ఆ విషయం అతనే బయట చెప్పుకున్నాడు కాబట్టి రాస్తున్నాను. కాట్యా ఇప్పుడు అదే వీధిలో వేరే ఇంట్లో ఉంటోంది. వేదిక మీద ఆ పాటను ఇద్దరూ కలిసే వాయిస్తారు. ఆ వరుసను అతను తాగకుండా వాయించగలడు. రికార్డులో ఉన్నదాని కంటే ఇప్పుడు మెరుగ్గా వాయిస్తాడు. పోటీ పడవలసింది ఆ జనవరి నాటి తనతోనే కాబట్టి గెలుస్తున్నాడు.

ఈ పని నాకు మూడు సంగతులు నేర్పింది. వాయించేవాడిని అనుమానించే ముందు వైర్లు చూడాలి. వైర్ల తప్పు దొరికినంత మాత్రాన వాయించేవాడి గురించి మనకు ఏదో తెలిసిందనుకోకూడదు. మూడోది కొలిచి తేల్చేది కాదు. పాటలో ఎవరు ఎవరి వెంట నడవాలో పని మొదలుపెట్టే ముందే నిర్ణయించుకోవాలి. ఆ నిర్ణయం అయ్యాకే నా లెక్కలు పనికొచ్చాయి. అంతకుముందు ఎంత సరిగ్గా చేసినా పనికిరాలేదు.

నేను విరమించుకునే ముందు కంపెనీ వాళ్ళు ఆ పాట ప్రత్యేక విడుదల కోసం, వాడకుండా మిగిలిపోయిన టేకులన్నీ పంపమన్నారు. పంపాను. గిటార్ ట్రాకుల వరుస రెండుతో మొదలవుతోందని, ఒకటో నంబరు పంపడం మరిచారని అక్కడి కొత్త ఉద్యోగి రాశాడు. మరవలేదని, వరుస అక్కడి నుంచే మొదలవుతుందని జవాబిచ్చాను.